ఆఖరు వంతులో మా డెబోరా

నవంబరు 9, ఆదివారం

తీసుకున్నారు. ఆఖరు వంతులో. మిగతాది రేపు రాస్తాను.

నవంబరు 10, సోమవారం

నిన్న సాయంత్రం ఆరు గంటల వేళ మేమంతా గ్రౌండు ఎదురుగా ఉన్న అంజి టీకొట్టులో ఉన్నాం. అంజి తన ఫోనును చక్కెర డబ్బాకు ఆనించి నిలబెట్టాడు. ఈ ఏడు కొత్తగా పెట్టిన మహిళా హాకీ లీగుకు ఆరు జట్లు. మా బొగ్గుగనుల వైపు జట్టు పేరు గోదావరి క్వీన్స్. జట్లవాళ్ళు హైదరాబాదులో ఒక చల్లటి గదిలో కూర్చుని, వంతులవారీగా ఒక్కొక్క పిల్లను పేరు చదివి తీసుకుంటున్నారు. దీన్నే డ్రాఫ్టు అంటారట. మా కాలంలో గని మేస్త్రి పొద్దున హాజరు వేసే మస్టరు దగ్గర నిలబడి "నువ్వు రా, నువ్వు రా" అని వేలు చూపించేవాడు, అదే ఇది. కాకపోతే మేస్త్రికి మైకు ఉండేది కాదు.

వంతులు గడిచేకొద్దీ నతానియేలు మొహం నల్లబడుతూ వచ్చింది. అతను ఒకప్పుడు కంపెనీ జట్టుకు గోల్‌కీపరు. ఆరడుగుల పైచిలుకు మనిషి, టీకొట్టు రేకుల కింద ఇప్పటికీ వంగే నిలబడతాడు. మంచిర్యాల పిల్ల మమతను మావాళ్ళు తీసుకుంటారని వారం రోజులుగా అందరికీ చెబుతున్నాడు. మూడో వంతులో ఆమెను వేరే జట్టు ఎత్తుకుపోయింది.

అందరూ లేచిపోవడానికి గ్లాసులు కింద పెడుతుండగా ఆఖరు వంతు వచ్చింది. "ఫార్వర్డ్, డెబోరా, గోదావరిఖని."

స్టవ్వు మీద పాలు పొంగాయి, అంజి చూసుకోలేదు.

"దయా! నీ మనుమరాలు గదా బై!" అని నతానియేలు నన్ను కావలించుకున్నాడు. నా ముక్కు అతని గుండీకి తగిలింది. అంజి లడ్డూలు తెప్పించాడు. అందరూ తలా ఒకటి నోట్లో వేసుకున్నారు. లడ్డూ సగం నమిలాక నతానియేలుకు హాకీ గుర్తొచ్చింది.

"నీ మనుమరాలంటే నా మనుమరాలే. అది వేరే ముచ్చట. కానీ..."

"ఆ కానీ కోసమే సూస్తున్న. చెప్పు."

"మమతను ఇడిసిపెట్టిన్రు గద బై! గోల్ ముంగట నిలవడితే గోడ లెక్కుంటది. మనోళ్ళు నిద్రవోయి, ఆఖరికి సంచిల చెయ్యివెట్టి అడుగున ఏది దొరికితే గది తీసిన్రు."

"నతానేలన్నా," అన్నాడు అంజి, "అడుగున దొరికిన ఉల్లిగడ్డ గూడ కూరలనే వడ్తది."

"ఉల్లిగడ్డంత గూడ లేదు కదరా! సూడు, ఎత్తు నాలుగడుగుల పదకొండంగుళాలని రాసిన్రు. ఆ డిఫెండర్లు దీన్ని మూల జెండా అనుకుంటరు."

"తప్పు రాసిన్రు," అన్నాను. "ఐదడుగుల ఒక అంగుళం."

"బూట్లతోనా?"

"ఉత్త కాళ్ళతో."

మా ఇంట్లో తలుపు వెనక గోడ మీద ప్రతి పుట్టినరోజుకు నేను గీసిన పెన్సిలు గీతలున్నాయి. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. గీసేటప్పుడు స్కేలును కాస్త ఏటవాలుగా పట్టుకోవడం నా అలవాటు. అది వేరే సంగతి.

ఇంటికొచ్చేసరికి నా కొడుకు ఆరోన్ క్వార్టరు ముందు ఉన్నాడు. వార్త నాకంటే ముందే చేరింది. వాడు డెబోరా దగ్గరికి వెళ్ళి, చిన్నప్పుడు క్రిస్మస్ రాత్రి ఎత్తినట్టు, అమాంతం భుజాల మీదికి ఎత్తుకున్నాడు. వాకిలంతా ఒక చుట్టు తిప్పాడు. ఆ పిల్లకు ఇరవై మూడేళ్ళు. అది అరుస్తోంది, వాడు నవ్వుతున్నాడు, నా భార్య సుసన్నా "నీ నడుమురా, నీ నడుము" అని వెంటపడుతోంది. నేను ఫోనులో తీశాను. బొటనవేలు సగం అడ్డం వచ్చింది.

నవంబరు 11, మంగళవారం

ఆరోన్ లేవలేదు. డ్యూటీకి సెలవు. కోడలు సారిక వేడినీళ్ళ సంచి పెడుతోంది.

ఈ ప్రపంచంలో "అన్‌ఫిట్" అన్న మాటకు మిఠాయిలు పంచేది మా బొగ్గు ఊళ్ళలోనే అనుకుంటాను. మరెక్కడైనా ఒక మనిషిని పనికిరాడని కాగితం మీద రాసిస్తే ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. ఇక్కడ రోగంతో తండ్రి గనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేలిస్తే ఉద్యోగం బిడ్డకు వస్తుంది. అందుకని అన్‌ఫిట్ కోసం మొక్కుకుంటారు, ఉపవాసాలుంటారు. మా సుసన్నా గుడిలో ప్రార్థన అంశంగా కూడా రాయించింది. పాస్టరుగారు మొహం మామూలుగా పెట్టుకుని చదివారు: "సహోదరుడు ఆరోన్ అన్‌ఫిట్ కావాలని." సంఘమంతా ఆమేన్ అంది.

ఇరవై ఆరేళ్ళు భూమి లోపల పైకప్పుకు బోల్టులు బిగించిన నడుము అది. నటన ఏమీ లేదు. ఈ నెల ఇరవై ఏడున బోర్డు. తేలిందా, ఉద్యోగం డెబోరాకు.

లీగు క్యాంపు డిసెంబరు పదిహేనున. ఒక్క సీజనుకే ఒప్పంద కాగితం. ఆఖరు వంతు పిల్లలకు అంతే.

అన్నం దగ్గర ఆరోన్ పడుకునే చెప్పాడు. "ఉద్యోగమొస్తే ఆట బంద్. అండ్ల ముచ్చట లేదు."

డెబోరా గిన్నె దగ్గరికి లాక్కుంది. పప్పు ఇంకోసారి వేసుకుంది.

నాకూ ఉద్యోగమే రావాలి. ఇందులో రెండో ఆలోచన లేదు.

నవంబరు 12, బుధవారం

బీపీ ఎక్కువుందని దవాఖానలో చెప్పారు. హాకీతో నాకిక పని లేదు. అంజి కొట్టుకు వెళ్ళను.

అదే రోజు, సాయంత్రం

వెళ్ళాను. టీ కోసం.

నవంబరు 14, శుక్రవారం

జట్టుకు ఫోనులో ఒక పేజీ ఉంది. అందులో డెబోరా ఫొటో పెట్టారు. కింద అభిమానులు రాస్తున్నారు. అంజి చూపించాడు. చూపించకుండా ఉండాల్సింది.

ఒకడు రాశాడు: "ఫార్వర్డ్‌ను తీసుకోమంటే బొమ్మను తీసుకున్నరు." ఇంకొకడు: "అంపైర్ విజిల్ దీనికంటే పెద్దగ ఉంటది." కరీంనగర్ మనిషి ఒకడు మాత్రం పద్ధతిగా రాశాడు. పొట్టి పిల్లలు మట్టి గ్రౌండు మీద బాగుంటారు గానీ, నీలం రంగు ప్లాస్టిక్ గడ్డి పరచిన గ్రౌండు మీద బంతి వేగానికి, పెద్ద పిల్లల భుజాలకు నిలవలేరని. ఆ పద్ధతిగా రాసినదే ఎక్కువ గుచ్చుకుంది. తిట్టినవాడితో కొట్లాడవచ్చు. లెక్క చెప్పినవాడితో ఏం కొట్లాడతాం?

అంజి చేత నాకూ ఒక ఖాతా తెరిపించాను. సొంత పేరు బాగుండదు కదా, "పాత గని మనిషి" అని పెట్టించాను. నేను బడికి వెళ్ళింది రెండో తరగతి దాకానే. షాట్‌ఫైరరుగా, అంటే బొగ్గును పేల్చే పనిలో ఉండగా మందుగుండు పెట్టెల మీది అక్షరాలు చూసి ఇంగ్లీషు నేర్చుకున్నాను. నేను మొదట చదివిన ఇంగ్లీషు మాట "డేంజర్". ఆ తర్వాత ఎన్ని మాటలు నేర్చుకున్నా అంత ఉపయోగపడింది ఇంకొకటి లేదు. కాని ఫోను మీద రాసేటప్పుడు ఆ ఒక్క మాటే గుర్తుకు రాలేదు.

"ఆ పిల్ల ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. నాకు బాగా తెలుసు" అని రాశాను.

నిమిషంలో జవాబు: "నీకెట్ల తెలుసు? నువ్వు దర్జీవా?"

నవంబరు 16, ఆదివారం

గుడిలో మళ్ళీ ఆరోన్ కోసం ప్రార్థన. అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు నా బుద్ధి ఎక్కడికో పోయింది.

నేను గనిలో చేరిన కొత్తలో ఒక సీము ఉండేది. సీమంటే బొగ్గు పొర. అది నడుమెత్తు కూడా లేదు. దాన్ని అందరూ నడుమెత్తు సీమనే పిలిచేవారు. నతానియేలు లాంటివాడు అందులోకి దిగితే పది అడుగులకోసారి టోపీ కప్పుకు తగిలి టంగుమనేది. మోకాళ్ళ మీద పోవాలి, పడుకుని తట్ట నింపాలి. షిఫ్టు అయ్యేసరికి పొడుగువాళ్ళు మడత మంచాల్లా బయటికి వచ్చేవారు. పొట్టివాళ్ళు మాత్రం పెళ్ళిపందిట్లో తిరిగినట్టు తిరిగేవారు. ఆ సీముకు మేస్త్రి మనుషుల్ని ఏరుకునేటప్పుడు మొదటి వంతు పొట్టివాళ్ళదే. ఆరడుగుల వీరులు చేతులు కట్టుకుని ఆఖరున మిగిలేవారు. నతానియేలు కూడా మిగిలిన రోజులున్నాయి, ఇప్పుడడిగితే ఒప్పుకోడు.

సుసన్నా మోచేత్తో పొడిచింది. "ఆమేన్ అనవేంది?"

అన్నాను. దేనికన్నానో తెలియదు.

ఉద్యోగం రావాలి. ఆడపిల్లకు కంపెనీ ఉద్యోగమంటే మాటలా? రావాలనే కోరుకుంటున్నాను.

నవంబరు 18, మంగళవారం

కొంపముంచాను.

వరసగా రాస్తాను. మధ్యాహ్నం పేజీలో "మంచిర్యాల సింహం" అనే ఒకడు తగిలాడు. వాడు మమత అభిమాని. మాటకు మాట పెరిగింది. చివరికి వాడు రాశాడు: "పిల్ల గింత బక్కగుంటే ఇంట్ల తిండి లేదా? తండ్రి గూడ గిట్లనే గాలికి వోతడా? రక్తంలనే బలం లేనట్టుంది."

నన్నన్నా ఊరుకునేవాడిని. నా వంశాన్నీ, నా కొడుకునూ అన్నాడు. ఇరవై ఆరేళ్ళు భూమిని నెత్తి మీద పడకుండా ఆపినవాణ్ణి గాలికి పోతాడన్నాడు.

ఆదివారం నాటి వీడియో పెట్టాను. "ఇగో తండ్రి. బిడ్డను భుజాల మీద ఎట్లెత్తుకున్నడో కండ్లు తెరిచి చూడు" అని రాశాను.

పెట్టి అంజి దగ్గర ఇంకో టీ తాగాను. చాలా హాయిగా ఉంది. వీడియో కింద చప్పట్లు, గుండె గుర్తులు. సింహం తోకముడిచాడు.

ఇంటికి నడుస్తుండగా, కూరగాయల అంగడి దగ్గర, ఒక్కసారి కాళ్ళు ఆగిపోయాయి.

తొమ్మిది రోజుల్లో బోర్డు. నడుము పనిచేయని మనిషని తేల్చాల్సిన బోర్డు. నేనేమో ఆ మనిషి బిడ్డను ఎత్తుకుని గంతులేస్తున్న వీడియోను ఊరంతటికీ చూపించాను.

నవంబరు 19, బుధవారం

పొద్దున్నే వీరేందర్ వచ్చాడు. యూనియన్ ఆఫీసులో ఉంటాడు, బోర్డు కాగితాలు తిప్పి పెట్టేది అతనే. గేటు బయటే నిలబడ్డాడు.

"తాతా, గా వీడియో ఎవ్వడు పెట్టిండు?"

"ఏ వీడియో?"

"ఆరోనన్న కుస్తీ పైల్వాన్ లెక్క తిరుగుతుండు గద, గది. 'పాత గని మనిషి' అని ఎవ్వడో. దొరికితే తంతుంటి."

"తన్నాల్సిందే," అన్నాను.

"బోర్డు డాక్టర్లకు గూడ ఫోన్లుంటయి తాతా. గిది వాళ్ళ కండ్లబడితే ఖతం. గని పైన పనికొస్తడు పొమ్మంటరు. పిల్లకు నౌకరీ ఉండదు."

"ఆరోన్‌కు తెలుసా?"

"నేనైతే చెప్పలే. పాపం, ఎందుకు ఫికరు పెట్టాలె?"

సుసన్నా లోపలినుంచి ఎవరని కేకేసింది. పాలవాడన్నాను. పాలు అప్పటికే వచ్చి ఉన్నాయి.

నవంబరు 20, గురువారం

ఆ వీడియోను పేజీలోంచి అంజి చేత తీయించేశాను. నా దగ్గర పోయింది గానీ అప్పటికే ఎవడో దించుకుని పాట కలిపి మళ్ళీ పెట్టాడు. ఇప్పుడందులో ఆరోన్ డప్పు దరువుకు తిరుగుతున్నాడు. పాట లేనప్పటికంటే బలంగా కనిపిస్తున్నాడు.

నవంబరు 21, శుక్రవారం

కూర్చోలేను, నిలబడలేను. గంటకోసారి గేటు దాకా వెళ్ళి వస్తున్నాను. సుసన్నా అడిగింది.

"ఏమయ్యా, కాలుగాలిన పిల్లి లెక్క ఏంది తిరుగుడు?"

"డాక్టరు నడవమన్నడు."

"రోడ్డు మీద నడవమన్నడు. నా వంటింట్ల గాదు."

డెబోరా పొద్దున, సాయంత్రం గ్రౌండుకు వెళుతూనే ఉంది. ఆట బంద్ అయ్యేదాకా ఆడుకోనీ అని ఆరోన్ ఊరుకున్నాడు. నేను దూరం నుంచి చూశాను. ఒక్కతే, నాలుగు ఇటుకలు పెట్టుకుని వాటి మధ్యలోంచి బంతిని తీసుకుపోతోంది. కర్ర నేలకు అంటుకుపోయినట్టుంటుంది, పిల్ల కర్రకు అంటుకుపోయినట్టుంటుంది. ఎంత సేపు నిలబడ్డానో గాని నతానియేలు పక్కన వచ్చి నిలబడ్డది తెలియలేదు.

"వంగుడైతే మంచిగ వంగుతది," అన్నాడు.

"ఇగ కానీ అను."

"అంటలే బై. ఉత్తగ సూస్తున్న."

నవంబరు 23, ఆదివారం

నేను కావాలని చేయలేదు. ఒక మూర్ఖుడు వంశాన్నంటే ఎవరికైనా కోపం వస్తుంది. బోర్డు సంగతి ఆ క్షణంలో మనసులో లేదు. ఇది నిజం. ఈ పుస్తకంలో అబద్ధం రాసుకుని నాకొచ్చేదేముంది?

ఉద్యోగం రావాలని సుసన్నాతో కలిసి మోకరించాను. నేను లోపల ఏమడిగానో ఇక్కడ రాయను.

నవంబరు 26, బుధవారం

బోర్డు కోసం ఆరోన్ కొత్తగూడెం బస్సెక్కాడు. వీరేందర్ తోడు వెళ్ళాడు. ఆరోన్ మెట్టు ఎక్కడానికి కడ్డీ పట్టుకుని ఒక్కో కాలు లాక్కోవాల్సి వచ్చింది. అది చూసి సుసన్నా నా చెవిలో "దేవుని దయ, మంచిగ కుంటుతుండు" అంది. వెంటనే నోటి మీద చెయ్యి పెట్టుకుని ఏడ్చింది.

చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచాను. బస్సు కదిలింది.

నవంబరు 27, గురువారం

ఫోను రాలేదు.

నవంబరు 28, శుక్రవారం

కాలేదు.

భూమి లోపలి పనికి పనికిరాడు, పైన తేలిక పనికి పనికొస్తాడు. అంటే ఉద్యోగం వాడిదే ఉంటుంది, డెబోరాకు రాదు.

సుసన్నా వాకిట్లో కూర్చుండిపోయింది. "మూడు నెలలు శుక్రవారం శుక్రవారం ఉపాసముంటి. ఎవరి దిష్టి తగిలిందో! ఎవడు పెట్టిండో ఆ వీడియో, వాని చేతులు..."

"వద్దు సుసన్నా," అన్నాను.

"వాని చేతులు..."

"శాపం పెట్టొద్దు. క్రైస్తవులం."

ఎప్పుడో ఆమెకు కూడా తెలిసింది, ఎవరిదో ఫోనులో. నేనే వీడియో తీశానన్న సంగతి మాత్రం ఇంకా ఆలోచించలేదు. ఆలోచిస్తుంది. ఆమెకు టైమిస్తే అన్నీ ఆలోచిస్తుంది.

నవంబరు 30, ఆదివారం

గుడికి వెళ్ళలేదు. ఆరోన్ వెనక వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఏ కథనైనా ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలుసు. దీన్నే తెలియలేదు.

"ఆరోన్, ఒక ముచ్చట చెప్పాలె."

"వీడియో ముచ్చటనా నాయ్నా?"

నేను స్టూలు కాస్త ముందుకు జరుపుకున్నాను.

"నువ్వు పెట్టిన దినమే సూసిన. నీ బొటనవేలు సగం అడ్డమున్నది. గా వేలు నాకెరుక లేదా?"

"మరి నన్నెందుకు అడగలే?"

"అడిగితే నువ్వు కతలు చెప్తవు."

కోడి ఒకటి మా మధ్యలోంచి తీరుబడిగా నడిచిపోయింది. దాన్ని పూర్తిగా పోనిచ్చాను.

"నా మూలంగనే పోయింది బిడ్డా."

"నీ మూలంగ ఏం గాలే. ఆ డాక్టర్లు ఏ వీడియో సూడలే. బయట బెంచీ మీద నేనే సూస్కుంట కూసున్న. పిలిచేదాక గదే పని." వాడు కుర్చీలో కొంచెం పక్కకు జరిగాడు, నొప్పికి పళ్ళు బిగించి. "బిడ్డ మొఖం సూసినవా నాయ్నా అండ్ల? డిగ్రీ పాసైనప్పుడు గూడ గట్ల నవ్వలే. గదాన్ని నేనే బంద్ చెయ్యాలె గదా అనిపించింది."

"అయితే?"

"లోపటికి వోయిన. బరువేమన్న ఎత్తుతవా అని అడిగిండు పెద్ద డాక్టరు. లేదు సార్ అనాలె. వీరేందర్ నూరుసార్లు చెప్పి పంపిండు. నా నోట్లకెల్లి వేరేది వచ్చింది. మొన్న నా బిడ్డను భుజాల మీద ఎత్తుకున్న సార్, మూడు దినాలు మంచం దిగలే అన్న. బిడ్డెంత బరువన్నడు. నలభై రెండు కిలోలన్న. నవ్విండు."

"నవ్విండా?"

"గది గూడ బరువేనా అన్నడు. నవ్వుకుంట, అన్ని పరీక్షలు మళ్ళ చూసుకుంట, రాసిండు. లోపట వద్దు, పైన ఉండు అని. మాట తప్పేం లేదు. పైననైతే చెయ్యగలుగుత. కూసుండే పని."

పెద్ద పిల్ల అయి ఉంటే ఏమయ్యేది? అరవై కిలోల పిల్లయితే వీడు ఎత్తేవాడే కాదు, ఎత్తినా చెప్పేవాడు కాదేమో. అభిమానులు మూడు వారాలుగా ఎగతాళి చేసిన ఆ సన్నపు ఒళ్ళే దాన్ని క్యాంపు దాకా మోసుకుపోతోంది. ఈ మాట ఆరోన్‌తో అనలేదు. ఇక్కడ రాసుకుంటున్నాను.

"అమ్మకు చెప్పకు," అన్నాడు ఆరోన్. "నీ ముచ్చట గాదు, నా ముచ్చట."

"నా ముచ్చట చెప్పొచ్చా?"

"నీది నువ్వే చెప్పుకో నాయ్నా. నేను అడ్డమురాను."

డిసెంబరు 1, సోమవారం

చెప్పాను. సుసన్నా నాతో మాట్లాడడం లేదు. పళ్ళెం మాత్రం పెడుతోంది, చప్పుడుగా.

డిసెంబరు 14, ఆదివారం

డెబోరాను రామగుండం స్టేషనులో రైలెక్కించాం. సుసన్నా పద్నాలుగు రోజుల మౌనం విడిచి మొదట అన్న మాట: "ఆ సంచి నీకు మొయ్యస్తదా, ముసలోడా?" అప్పాలు, కారప్పూస, నువ్వుల లడ్డూలు, ఆ సంచి పిల్లకంటే బరువుంది.

అంజి వచ్చాడు. నతానియేలు కూడా వచ్చాడు, పేపర్లో చుట్టిన ఆటలో కాళ్ళకు కట్టుకునే కొత్త కవచాల జత పట్టుకుని. "చిన్న సైజు దొరకలే బిడ్డా. మంచిర్యాల దాక వోయొచ్చిన. పిల్లలయి ఉన్నయి, గవే తెచ్చిన," అన్నాడు. అవి సరిగ్గా సరిపోయాయి. అతను మొహం పక్కకు తిప్పుకుని రైలు టైము అడిగాడు, ఎదురుగా బోర్డు మీద రాసి ఉండగా.

రైలు వస్తుండగా డెబోరా నా చెవి దగ్గర అంది.

"తాతా, ఇగ ఆ పేజీల కొట్లాటలు బంద్ చెయ్యి."

"ఏ పేజీల?"

"పాత గని మనిషి నువ్వేనని ఫోన్లనే మా జట్టు పిల్లలందరికీ ఎరుకయింది."

"ఎట్ల?"

"నాది ఐదడుగుల ఒకటని ఈ భూమ్మీద అనేటోడు నువ్వొక్కనివే గద!"

జనవరి 3, శనివారం

రెండు మ్యాచులయ్యాయి. రెండింటిలోనూ బెంచీ మీదే. బెంచీ మీద కూడా చివరన. టీవీలో ఆమె కాళ్ళు మాత్రం కనిపించాయి. కొత్త కవచాలు.

పేజీలో ఎవడో రాశాడు: "ఆ చిన్న పిల్లను తీసుకున్నరు గద, ఉన్నదా ఇంటికి వోయిందా?" నేను జవాబు రాయలేదు. రాసి చెరిపాను.

జనవరి 11, ఆదివారం

గుడి నుంచి నేరుగా అంజి కొట్టుకు. ఈసారి చక్కెర డబ్బా కాదు, ఎక్కడినుంచో పెద్ద టీవీ అడిగి తెచ్చాడు. సుసన్నా కూడా వచ్చి లోపల బస్తా మీద కూర్చుంది. ఆరోన్ రాలేదు. గని పైన దీపాల గదిలో వేశారు వాణ్ణి, షిఫ్టుకు దిగేవాళ్ళ టోపీ దీపాలు ఇచ్చి పుచ్చుకునే పని. ఈ రోజు రెండో షిఫ్టు.

మావాళ్ళు ఒకటి రెండుతో వెనకబడి ఉన్నారు. అవతలి జట్టులో మమత గోడలాగే ఉంది. ఆఖరి పావుగంటలో మా ఫార్వర్డ్ ఒకామె కాలు పట్టేసి బయటికి వచ్చింది. బెంచీ చివరనుంచి ఒక చిన్న ఆకారం లేచింది.

"వచ్చిందిరో!" అన్నాడు అంజి.

"నేను సూస్తలేను," అని నతానియేలు అటు తిరిగాడు. రేకుల సందులోంచి చూస్తున్నాడు.

మొదటిసారి బంతి అందింది, పోగొట్టింది. రెండోసారి అందకముందే తోసేశారు, పడింది, లేచింది. సుసన్నా "యేసయ్యా" అంది. మూడోసారి కుడివైపు గీత వెంబడి వచ్చింది. ఇద్దరు పెద్ద పిల్లలు అడ్డం, కర్రలు గాలిలో. ఈమె వంగింది. వంగడమంటే మామూలు వంగడం కాదు, బంతీ ఆమే ఒకే ఎత్తున ఉన్నారు. వాళ్ళ చేతుల కిందినుంచి అవతల తేలింది.

"నడుమెత్తు సీముల దూరినట్టు దూరిందిరో!" నతానియేలు లేచాడు. తల రేకుకు తగిలి టంగుమంది. నలభై ఏళ్ళ తర్వాత విన్నాను ఆ చప్పుడు.

కొట్టింది. స్తంభానికి తగిలి బయటికి పోయింది.

తర్వాత కొద్దిసేపటికి ఆట అయిపోయింది. ఓడిపోయాం.

కొట్టులో అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు. నతానియేలు తల రుద్దుకుంటూ "నేను మొదటి దినమే చెప్పిన" అంటున్నాడు. ఎవరూ కాదనలేదు. పేజీలో అంజి చదువుతున్నాడు, "ఆ పొట్టి పిల్ల ఎవరు?", "ఎవరబ్బా ఈమె?" అని ఒకరి తర్వాత ఒకరు. కరీంనగర్ మనిషి రాశాడు: "నేను తొందరపడి అన్నానేమో. ఇంకో మ్యాచ్ చూడాలి." పద్ధతిగల మనిషి.

అప్పుడు ఫోను మోగింది. ఆరోన్. వెనక దీపాలు అరల్లో పెడుతున్న కటకట చప్పుడు.

"నాయ్నా, ఆడిందా?"

"ఆడింది."

"రెండో షిఫ్టోళ్ళు దీపం తీస్కునేటప్పుడు ఒక్కొక్కడు అడుగుతుండు, నీ బిడ్డ ఆడుతదా ఇయ్యాల అని. మళ్ళ పైకొచ్చి దీపం అప్పజెప్పేటప్పుడు ఎట్లాడిందని అడుగుతరు. షిఫ్టంత నేనే చెప్పాలె. జర సరిగ్గ చెప్పు నాయ్నా. ఏం కలపకు."

నేను కొట్టు బయటికి వచ్చాను. గ్రౌండులో ఎవరూ లేరు. నా జన్మలో ఏం కలపకుండా ఏదీ చెప్పలేదు. చెప్పడం మొదలుపెట్టాను. ఆఖర్లో ఆటలోకి దించారని, మొదటి బంతి పోగొట్టిందని, పడిందని, లేచిందని, ఇద్దరి కిందినుంచి పోయిందని, స్తంభానికి తగిలిందని.

"గోల్ కాలే?"

"కాలే."

"ఓడిన్రా?"

"ఓడిన్రు."

అవతల దీపం ఒకటి అరలో పెట్టిన చప్పుడైంది.

"మంచిది," అన్నాడు ఆరోన్. "నాయ్నా, కొత్త పోరగాళ్ళు ఎత్తెంత అని గూడ అడుగుతుండ్రు. నువ్వు చెప్పేదే చెప్పన్నా? ఐదడుగుల ఒకటని?"

"వద్దు బిడ్డా," అన్నాను. "నాలుగడుగుల పదకొండని చెప్పు."